మహారాణి జోకులకు ఎవరు నవ్వారు

పాతకాలపు బ్రిటన్ మహారాణి చమత్కారాల మీద పీహెచ్‌డీ చేస్తున్నానంటే తార్నాకలో ఎవరూ నమ్మరు. క్యాంపస్‌లో నమ్ముతారు, ఇక్కడ అంతకన్నా ఘోరమైన అంశాలు నడుస్తున్నాయి. ఆమె పేరు మీద లోకానికి తెలిసిన మాట ఒక్కటే: "మాకేం నవ్వు రాలేదు." అదైనా ఆమె అన్నదో లేదో తేలలేదు. అలాంటి మనిషి హాస్యానికి నా యవ్వనం ఖర్చయింది.

మొదటి మూడు అధ్యాయాలు ఎవరెవరివో పుస్తకాల్లోంచి తెచ్చినవే. ఎవరివో మర్యాదగా పేజీ కింద ఫుట్‌నోట్లలో చెప్పాను. నాలుగోదొక్కటే నాది. ఆ చమత్కారాల బలం మాటల్లో లేదు, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ల భయంలో ఉందన్నాను. రాణి నోరు తెరిస్తే చాలు, జోకు పూర్తికాకముందే నవ్వేసేవాళ్లు. ఆ అధ్యాయం తీసేస్తే థీసిస్‌లో నేనే ఉండను.

మా గైడ్‌ గారిది కడప వైపు. చదివి కళ్లజోడు తీశారు.

"ఇదేంది నాయనా, ఆయమ్మను ఇట్ల తీసిపారేస్తివి? సెమినార్లో ఆ 'నవ్వు రాలేదు' మాట చదువు. జనం నవ్వితే ఈ అధ్యాయం తీసేయాల. నవ్వకపోతే ఉంచుకో."

న్యాయంగానే అనిపించింది. హాస్టల్ మెస్‌లో ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ ముద్ద ఆపలేదు.

మా డిపార్ట్‌మెంట్‌లో సెమినార్‌కు సమోసాలు స్కాలరే తేవాలి. తోటి స్కాలర్లు అవి ముగించి నావైపు చూశారు. రాణిగారి మాట చదివాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. బతికిపోయాననుకున్నాను.

అప్పుడు గైడ్‌ గారు నవ్వారు. వెంటనే ముందు వరస నవ్వింది. వెనక వరసకు కబురు ఆలస్యంగా అందినా, బాకీ లేకుండా నవ్వింది. పక్కనే ఉన్న నా రూమ్మేట్ బల్ల చరిచాడు.

"అంత నవ్వొచ్చిందారా?" అని గొణిగాను.

"నాకేడొచ్చింది? సార్‌కొచ్చింది. నా థీసిస్ గూడ ఆయన చేతులనే ఉన్నది."

"సార్, ఇప్పుడు జరిగిందే నా నాలుగో అధ్యాయం," అన్నాను.

దానికీ ఆయన నవ్వారు. కాబట్టి అందరూ నవ్వారు.

"చూస్తివా? ఇప్పటికీ నవ్విస్తాంది ఆయమ్మ! ఇంక ఆ అధ్యాయం ఎందుకప్పా?"

మూడు అధ్యాయాలు పట్టుకుని తార్నాకలో బైండింగ్ షాపుకు పోయాను. షాపతను చేత్తో బరువు చూశాడు.

"గింత సన్నగున్నదేంది భాయ్? ఎన్కకు తెల్ల కాయితాలు పెట్టాల్నా? జర దిట్టంగ కనిపిస్తది."

పెట్టమన్నాను.