నోట్లో నీళ్ళు, సంపులో సున్నా

నా మంచితనం వల్ల ఎవరికైనా అన్యాయం జరిగిందంటే, అది మా కింద పోర్షన్ పద్మమ్మక్కకే. మొన్న శుక్రవారం, అదీ వాళ్ళమ్మాయి సీమంతం రోజు పొద్దున్నే! వినండి, నవ్వడం తర్వాత.

నా చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా పాత పుస్తకాల షాపు పుణ్యం. ఈమధ్య అలవాట్ల మీద ఒక పుస్తకం దొరికింది. పెద్ద పెద్ద శపథాలు వద్దట. రోజూ తప్పకుండా చేసే పనికి ఒక బుల్లి పని తగిలిస్తే చాలట, మెల్లగా మనిషే మారిపోతాడట. సరే, నేను రోజూ తప్పకుండా చేసేదేంటి? వాకింగా? లేదు. పూజా? పండక్కి. నిజాయితీగా వెతికితే ఒక్కటే తేలింది. తిట్టడం!

దానికే తగిలించా. ఎవరి మీదైనా నోరు లేవబోతే వెంటనే బాటిల్ ఎత్తి నీళ్ళు పుక్కిట పట్టాలి. కోపం దిగాకే మింగాలి. నమ్మరు గానీ, పనిచేసింది! మావారైతే "ఒంట్లో బాలేదా?" అని థర్మామీటర్ వెతికారు. నాకు ఎంత గర్వమో!

ఇక ఆ శుక్రవారం. బెంగళూరు మారతహళ్ళిలో మా బోరు ఎండిపోయింది, ట్యాంకరే దిక్కు. మా బిల్డింగ్ నీళ్ళ సంపూ, పక్క బిల్డింగ్ సంపూ గేట్ల బయట పక్కపక్కనే ఉంటాయి, రెండింటికీ ఒకేరకం ఇనప మూతలు. మా సంపు అడుగంటింది. ఇంకాసేపట్లో చుట్టాలు దిగుతారు. వంటవాళ్ళు ఖాళీ గుండిగలు ముందేసుకుని కూర్చున్నారు. పద్మమ్మక్క ట్యాంకర్ కోసం వీధి చూసి చూసి, చీర మార్చుకోడానికి లోపలికెళ్ళింది పాపం.

నేను రెండో అంతస్తు బాల్కనీలో ఉన్నా. సరిగ్గా అప్పుడే మావారు తడి టవల్ మంచం మీద పడేశారు. నోరు లేచింది. బాటిల్ ఎత్తా. బుగ్గలు పూరీల్లా పొంగాయి. కిందికి చూద్దును కదా, ట్యాంకర్ మంజు ఎప్పట్నించి పోస్తున్నాడో ఏమో, పైపు పక్కవాళ్ళ సంపులో!

మింగేసి అరవచ్చు కదా అంటారు. కోపం దిగలేదు కదండీ! పైగా రెట్టింపైంది! రూల్ రూలే. చప్పట్లు కొట్టా. చేతులూపా. "ఊఁ! ఊఁ ఊఁ!" అన్నా.

మంజు పైకి చూసి పళ్ళికిలించాడు. "నమస్కారక్కా! ఏం, ఈపొద్దు డాన్సా?"

మెట్లు దూకుతూ కిందికొచ్చా. గుమ్మంలో పట్టుచీరలో పద్మమ్మక్క. "ఏమ్మే సుజాతా, పంటి నొప్పా?" అని ప్రేమగా బుగ్గ నొక్కింది. నొక్కితే ఊరుకుంటాయా నీళ్ళు! ఆవిడ కొత్త చీర మీద ఫౌంటెన్!

అప్పుడొచ్చింది నా గొంతు. "ఒరే మంజూ! కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా? అది మా సంపట్రా?"

వాడు పరిగెత్తి పైపు లాగాడు. ట్యాంకర్లో మిగిలింది చెంబెడు.

"నువ్వు అరవలేదు కదక్కా!" అన్నాడు ఏడుపు మొహంతో. "పైపు రవ్వంత పక్కకి జరిగినా పైనుంచి కేకేస్తావు. ఈపొద్దు గమ్మునుంటివి. సరిగ్గానే పెట్టినాననుకుంటి!"

తిట్టబోయిన నోరు మూసేసుకున్నా. ఈసారి నీళ్ళు లేకుండానే.

పక్క బిల్డింగ్ ఓనరు మంచాయన, "సీమంతం కదమ్మా, తోడుకోండి" అన్నాడు. నేనూ, మావారూ, మంజూ బకెట్లతో వరసకట్టి గుండిగలు నింపాం. సాంబారు లేటయింది గానీ, అమ్మాయి చేతులనిండా గాజులతో కళకళలాడుతూ కూర్చుంది.

బంతిలో పద్మమ్మక్క, ఇంకో చీరలో, నాకు కొసరి కొసరి వడ్డించింది. "ఆ పుస్తకం మంచిదే అయి ఉంటాది సుజాతా. నువ్వు బాగుపడు, వద్దన్లే. మా సంపు నిండేదాకా మాత్రం చెడిపోయి ఉండు తల్లీ!"

సాయంత్రం బిల్డింగ్ వాట్సప్ గ్రూపులో మెసేజ్: "తర్వాతి ట్యాంకర్ మంగళవారం ఉదయం ఏడింటికి. సుజాతగారు దయచేసి మామూలుగా ఉండగలరు."