కూలర్ అడుగున మిగిలిన పొర

టెలిఫోన్ ఉద్యోగం నుంచి రిటైరైన తౌనో, ఔలు ఊరి గ్రంథాలయంలో ప్రతి గురువారం ఇరుగుపొరుగువాళ్ల కంప్యూటర్లు ఊరికే బాగుచేసి పెడతాడు. పొరుగున ఉండే హిల్కా కంప్యూటర్ అక్కడికి రావడం ఇది మూడోసారి. ప్రాసెసర్ వేడెక్కిపోయి, పది నిమిషాలకే ఆగిపోతోంది.

మొదటిసారి ఫ్యాన్ నిండా పిల్లి వెంట్రుకలే. తౌనో ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ కొత్తది బిగించి పంపాడు. రెండోసారి మూతైనా తీయకుండా, "పిల్లో కంప్యూటరో, ఏదో ఒకటే ఉంచుకో," అనేశాడు. చెల్లెలితో రోజూ వీడియోలో మాట్లాడకపోతే హిల్కాకు తోచదు. పిల్లిని పల్లెలో తెలిసినవాళ్లకు ఇచ్చేసింది.

అయినా మళ్లీ అదే తంతు. ఈసారి తౌనో మరలు విప్పి కూలర్ పైకెత్తాడు. దాని అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర అలాగే అంటుకుని ఉంది. "బిగించే ముందు తీసేయండి" అని దానిమీద ఎర్రటి అక్షరాలు. ప్రాసెసర్ వేడి కూలర్‌కు అందకుండా ఇన్నాళ్లూ అడ్డుపడింది అదే.

గబుక్కున ఒలిచి జేబులో వేసుకున్నాడు. హిల్కా ఫ్లాస్కులోంచి అతనికి కాఫీ పోస్తోంది. ఆమె స్వెట్టర్ మోచేతికి ఇంకా రెండు తెల్లటి పిల్లి వెంట్రుకలున్నాయి. అవి తౌనో కంటబడ్డాయి. జేబులోంచి పొరను తీసి బల్లమీద పెట్టాడు.

"పిల్లి తప్పేం లేదు హిల్కా. ఇది తీయడం నేనే మరిచాను."

ఆమె అక్షరాలు నిదానంగా చదివింది.

"చదవడం వచ్చుగా నీకు?"

హిల్కా ఫ్లాస్కుకు మూత బిగించింది.

"కారు తెచ్చావా?"

"తెచ్చాను."

"అయితే పద. వాళ్ల దగ్గర పిల్లిని తిరిగి అడిగేది నువ్వే."