దిబ్బ మీద మిరపకాయలు

మా ఊరు జగ్గయ్యపేటకీ నందిగామకీ నడుమ, పెద్దరోడ్డు దిగి కాస్త లోపలికి ఉంటుంది. ఊరి పక్కనే ఇటుకల దిబ్బ. రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ స్తూపమని చదువుకున్నవాళ్ళు అంటారు. మాకు మాత్రం అది మిరపకాయలు ఎండబోసుకునే చోటు, అంతే. మా నేల నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే ఎక్కడి నీళ్ళు అక్కడే. దిబ్బ మీద నీరు నిలవదు, ఇటుక ఇట్టే కాగుతుంది. ఏ ఇంటివాళ్ళు ఏ పక్కన పోసుకోవాలో తాతల నాడే తేలిపోయింది. ఎండలు ముదిరితే దిబ్బంతా ఎర్రగా ఉండేది, ఊరంతా తుమ్మేది. ఆ ఘాటు పీల్చందే నాకిప్పటికీ వేసవి వచ్చినట్టుండదు.

తొంభైల్లో ఒక ఏడాది ప్రభుత్వం వాళ్ళు దిబ్బ చుట్టూ కంచె వేసి, నీలం బోర్డు పాతి, దొరికిన చెక్కుడు రాళ్ళు దాచడానికి ఓ రేకుల గది కట్టారు. కాపలాకి మా బాబాయిని పెట్టారు. నాన్నకి సొంత తమ్ముడు, మా పక్క వాటాలోనే ఉండేవాడు. ఖాకీ చొక్కా తొడిగేసరికి మనిషే మారిపోయాడు. ఇక మీదట దిబ్బ మీద కాయలు పోయకూడదని ముందు ఎవరికి చెప్పాడనుకున్నారు? మా అమ్మకే.

అమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. తన చేతి అన్నం తిని పెరిగిన మరిది తననే ఆపుతాడా అని ఆ రోజు నుంచి అతనితో మాట మానేసింది. కూర గిన్నె పంపడం మాత్రం మానలేదు. ముఖం అటు తిప్పుకుని నా చేతికిచ్చేది. బాబాయి తక్కువ తిన్నాడా? గిన్నె కడిగి ఇచ్చేవాడు గానీ గేటు తాళం తీసేవాడు కాదు. మధ్యలో తిరగలేక నా కాళ్ళు అరిగిపోయాయి.

ఆ ఏడు మా కాయలు దిబ్బ పక్క చేలో, మట్టి కల్లంలోనే ఎండాయి. ఇంకొక్క ఎండ తగిలితే చాలనుకుంటుండగా ఓ మధ్యాహ్నం మబ్బు కమ్ముకొచ్చింది. నాన్న టార్పాలిన్ పట్టా కోసం నందిగామ వెళ్ళాడు. కల్లంలో అమ్మా నేనూ. ఏడాది కష్టమంతా అక్కడ నేల మీద పడి ఉంది. తడిస్తే బూజు పడుతుంది, ఇక ఎవరూ కొనరు. అమ్మ కాయలు కుప్ప చేస్తూ ఏడ్చేసింది.

ఇంతలో కంచె లోపల ఏదో చప్పుడు. చూద్దును కదా, బాబాయి గదిలోని చెక్కుడు రాళ్ళన్నీ ఒక్కొక్కటే తెచ్చి ఆరుబయట పెడుతున్నాడు. ఈ మనిషికి మతి గానీ పోయిందా అనుకున్నాను. అది కాగానే గేటు బార్లా తీసి మా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

“గోతాలకెత్తండి, గది ఖాళీ చేసా. ఆ రాళ్ళు చూడని వానా? వాటికేం కాదు.”

గోతాలు చాలకపోతే పాత చీరలో మూటగట్టి ముగ్గురం మోశాం. ఆఖరి మూట లోపల పడేసరికి వాన దిగింది. ఆ ఘాటులో తుమ్ములే తుమ్ములు, ముక్కు తుడుచుకోవడానికే సరిపోయింది.

వాన వెలిశాక బయటికొచ్చాం. మట్టి కడుక్కుపోయి రాళ్ళు తెల్లగా తేలాయి. అమ్మ ఒకదాని ముందు వంగి కొంగుతో తడి తుడిచింది. చేతులు జోడించిన ఆడమనిషి, పక్కన తామరపువ్వు. ఇన్నేళ్ళూ ఆ దిబ్బ ఎక్కి దిగింది గానీ ఆ రాళ్ళ వంక చూసిన మనిషి కాదు. చాలాసేపు చూసి, తల ఎత్తకుండానే అడిగింది.

“ఇట్టా బయట పడేశావని తెలిస్తే నీ ఉద్యోగం ఉంటదా?”

“పోతే నీ చేలోకి కూలికొస్తా వదినా. నువ్వు మాట్లాడకపోతే అన్నం సయించట్లా నాకు.”

అమ్మ కొంగు బిగించి రాయికి ఒక పక్క చెయ్యేసింది.

“అటు పట్టు. ఎవరన్నా చూసేలోపు లోపల పెడదాం.”

ఇద్దరూ చెరోవైపు పట్టుకుని లేపారు. గోతాలు పక్కకి జరిపి చోటు చెయ్యమని నన్ను కేకేసింది.