మెరుగుల మాస్టారు దిద్దిన దవడ

మా బాబాయిది ఫోటో స్టూడియో. మచ్చలు, మొటిమలు ఆయన కంప్యూటరు ముందు నిలిచేవి కావు. అందుకే అందరూ మెరుగుల మాస్టారు అనేవారు. పొగిడితే ఉబ్బిపోని మనిషేమీ కాదు లెండి, ఆ పేరుకు తెగ మురిసిపోయేవాడు.

పిన్ని నవ్వితే ఎడమ బుగ్గన సొట్ట పడుతుంది. ఆ సొట్ట చూసే మనసిచ్చానని బాబాయి వందసార్లు చెప్పి ఉంటాడు. అదే వైపు కింది దవడ ఎముక ఉబ్బింది. నొప్పి లేదు, పుండు లేదు. పళ్ళు పక్కకు జరగడం మొదలయ్యాక నేనే వాళ్ళిద్దరినీ పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ అడిగింది. "ఇలాంటివి అరుదు. మెల్లగా పెరిగిందా, గబగబా పెరిగిందా తెలియాలి. పాత ఫోటోలున్నాయా?"

"మాకు ఫోటోలకేం కరువండీ!" పిన్ని ఫోన్ తీసింది. పోయిన నెల బాబాయి తీసి పంపిన ఫోటోలో దవడ నున్నగా ఉంది. అంతకు ముందువీ అంతే.

డాక్టరమ్మ గొంతు మారింది. "నెలలోనే ఇంత పెరిగిందంటే తేలిగ్గా తీసుకోకూడదమ్మా."

"మూడేళ్ళుగా చేతికి తగులుతూనే ఉంది. ఫోటోల్లో కనపడకపోతే నా భ్రమేమో అనుకున్నా." పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

గుమ్మం దగ్గర బాబాయి నేల చూపులు చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. "మాట్లాడవేం బాబాయ్?"

"నేనే దిద్దాను... అన్నీ."

"ఎందుకండీ?" అంది పిన్ని.

"నలుగురూ ఏమైనా అంటారని."

ఈ మూడేళ్ళలో పిన్నిని ఎవరూ ఏమీ అనలేదు. చూడలేకపోయింది ఆయనే. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలిసిపోయింది. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

వెంటనే స్టూడియోకి పరుగెత్తి దిద్దని ఫోటోలు తెచ్చాడు. వరసగా పెట్టి చూస్తే వాపు ఏడాదికి కాస్త చొప్పున పెరిగింది. డాక్టరమ్మ ముఖం తేటపడింది. అయినా వాపులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. వారం తర్వాత కబురు వచ్చింది. క్యాన్సరు కాదు, ఎముకలో నిదానంగా పెరిగే గడ్డ. అది తీసేస్తే సరిపోతుంది. ముందే వచ్చి ఉంటే చిన్న కోతతో పోయేదని కూడా డాక్టరమ్మ అంది. హమ్మయ్య అనబోయిన బాబాయి నోరు మూసుకున్నాడు.

ఇంటికొచ్చాక పిన్ని దిద్దినవీ దిద్దనివీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. కోప్పడుతుందనే అనుకున్నాను.

"గడ్డ చెరిపారు, సరే," అంది మెల్లగా. "నా బుగ్గ సొట్ట కూడా చెరిపేశారేమండీ?"

బాబాయి చూశాడు. అప్పటిదాకా ఆయన దాన్ని గమనించనే లేదు.