పాముపెట్టెలో బల్బు

రంగత్ బజార్లో బట్టల కొట్టు నడిపే నూకన్నకి లోకంలో శత్రువు ఒక్కటే, చెమ్మ. ద్వీపాల వానలకి బట్టలు బూజు పట్టకుండా ప్రతి బీరువాలోనూ రేయింబవళ్లు బల్బు వెలిగించి ఉంచుతాడు. ఆ విషయంలో ఎవరి సలహా వినే రకం కాదు.

కూతురు కావేరి ఓ జెర్రిపోతుని పెంచేది. సునామీ నీళ్లు జెట్టీ దగ్గరి గోదాములోకి వచ్చి వెళ్లాక, తడిసిన చీరల మూటలో పిల్లపాముగా దొరికింది. విషం లేదు కదా అని ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. రెండేళ్లకి బారెడైంది.

పరీక్షలకి కావేరి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరే రోజుకి దాని కళ్లు పాలనీళ్ల రంగుకి తిరిగాయి.

"కుబుసం ఇడుస్తాది నాన్నా. పెట్టెలో తడి గోనె తియ్యకు. పొద్దున్నా సాయంత్రం నీళ్లు జల్లు. చెమ్మ లేకపోతే పొర ఒంటికి అంటుకుపోద్ది. చేత్తో మాత్రం ముట్టుకోకు, సమ్ఝే?"

"చెమ్మ గురించి నాకు చెప్తావేటి బేటీ," అని నవ్వాడు నూకన్న.

ఆమె బస్సెక్కగానే గోనె తీసి తీగమీద ఆరేశాడు. తడిలో ప్రాణి ముక్కిపోతుందని జాలిపడి, పెట్టెలో నలభై వాట్ల బల్బు పెట్టాడు. ప్రేమతోనే పెట్టాడు మహానుభావుడు, అదే ఖర్మ.

ఐదోరోజుకి పొర పేలికలై ఒంటికి కరుచుకుంది. కావేరి ఫోన్ చేసి, "నీళ్లు జల్లుతున్నావా?" అంటే, "హా, జల్లుతున్నాను," అన్నాడు. ఫోన్ పెట్టేసి, కంగారుకొద్దీ వేళ్లతో పొర లాగాడు. కంటిమీది పొరతోపాటు నెత్తురొచ్చింది. హడలిపోయి బల్బు తీసేసి, గోనె తడిపి మళ్లీ పెట్టెలో పరిచాడు.

తిరిగొచ్చిన కావేరి ఆ కన్ను చూసి కూలబడింది. "తప్పు నాదే నాన్నా. గోనె పల్చంది పెట్టేసినట్టున్నాను. నువ్వు జల్లిన నీళ్లు నిలవలేదు," అని ఏడ్చింది.

నూకన్న సిగ్గుతో చచ్చిపోయాడు. నోరు మూసుకుంటే గండం గడిచిపోతుంది. రెండు పూటలు మూసుకునే చూశాడు. మూడో పూట కంచం పక్కకి నెట్టి, "గోనె నేనే తీసేశాను. బల్బెట్టాను. లాగింది కూడా నేనే," అన్నాడు.

కావేరి అరవలేదు. "తెలీక చేశావు, సరే. మరి ఫోన్లో అలా ఎందుకు చెప్పావు?"

నూకన్న కంచం తీసుకుని పెరట్లోకి నడిచాడు.

పాముకి ఆ కంటి చూపు మళ్లీ రాలేదు. ఆర్నెల్లకి మరోసారి ఊరెళ్లాల్సి వచ్చినప్పుడు, కావేరి పాముపెట్టె, తడి గోనె పట్టుకుని, నాన్న కూర్చున్న కొట్టు ముందునుంచే నడిచి వెళ్లి, వానపాముని చూసినా కేకలు పెట్టే పక్కింటి కాళమ్మకి అప్పగించింది.