ఇసుర్రాయిని పంచిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు కాబట్టి అందరం కలిసే ఉండేవాళ్ళం. మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే దారిలో మా ఊరు. మెట్ట చెలకలు, జొన్నలు, కందులు, కొన్ని గొర్రెలు. మా తాత, నానమ్మ, అమ్మ, నాయిన, చిన్నాయన, చిన్నమ్మ, మేం పిల్లలం, ఇంతమందికీ ఒకటే పొయ్యి. ఆ తర్వాత సాగర్ కాలువ నీళ్ళొచ్చాయి. వరి వచ్చింది. వరితో పాటు అభిప్రాయ భేదాలు కూడా బాగానే పండాయి.

నానమ్మ ఉన్నంతకాలం అవి గడప దాటలేదు. ఆమె పోయిన ఏడాదే బయటపడ్డాయి. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ ఊరుకున్నది ఎవరన్న విషయం మీద మా అమ్మకూ చిన్నమ్మకూ మొదలైన చర్చ, నాట్లప్పుడు మొదలై కోతల దాకా నడిచింది. చివరికి వేరు పడదామన్నారు. మా నాయినకూ చిన్నాయనకూ నిజానికి ఏ తగాదా లేదు. కానీ ఆ ముక్క ఇంట్లో చెప్పేంత ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేదు.

నా దిగులల్లా చెల్లె గురించే. చిన్నాయన కూతురు, నాకంటే ఏడాది చిన్నది. ఊహ తెలిసినప్పటి నుంచి మేమిద్దరం తాతకు అటొకరు ఇటొకరు పడుకునేవాళ్ళం. వాకిట్లో గోడ లేస్తే అది అటు, నేను ఇటు. తాత ఎటు అన్నది అప్పటికి ఎవరూ తేల్చలేదు.

పంపకం నాడు ఊరి పెద్దమనుషులు ఇద్దరు వచ్చి వాకిట్లో మంచం మీద కూర్చున్నారు. భూమి, గొర్రెలు, ఇత్తడి బిందెలు అన్నీ పేచీ లేకుండానే తెగాయి. పేచీ లేకుండా అంటే, మధ్యాహ్నం తినాల్సిన అన్నం పొద్దుగూకే ముందు తిన్నాం, అంతే. ఆఖరున ఇసుర్రాయి మిగిలింది. జొన్నలు పిండి చేయాలన్నా, కందులు పప్పు చేయాలన్నా ఆ ఇంటికి అదొక్కటే ఆధారం. అప్పటిదాకా మూలన కూర్చుని చుట్ట కాలుస్తున్న మా తాత, "గది నేను పంచుత" అని లేచాడు.

"పెద్దోనికి కింది రాయి. చిన్నోనికి మీది రాయి."

పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "గిదేం పంపకమే మామా? సగం రాయితోని ఎవలేం జేసుకుంటరు?"

"సగం సగం అన్నరు గద. సగం సగమే ఇచ్చిన."

"అమ్మ పోయినకాంచి నాయినకు మతి సరిగ్గ లేదు" అని చిన్నాయన మెల్లగా అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. మరి నువ్వెటు ఉంటావని మా నాయిన అడిగితే తాత తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "పొద్దున నీ ఇంట్ల, మాపటికి వాని ఇంట్ల. నేను గూడ సగం సగమే." అందరూ నవ్వారు. చెల్లె నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

గోడ లేచింది. పిల్లలు కూడా అటూ ఇటూ తిరగొద్దన్నారు. తాత పొద్దున మా ఇంట్లో తిని, సాయంత్రానికి అటు వెళ్ళిపోయేవాడు. రాత్రయితే తాతా, చెల్లె ఇద్దరూ గోడ అవతలే. నాకు తాత దగ్గు మాత్రం వినిపించేది. దాన్నే నా వాటా అనుకుని పడుకునేదాన్ని.

రెండు సగం రాళ్ళతో రెండిళ్ళూ కొన్నాళ్ళు ఊరికే కూర్చున్నాయి. జొన్నలు పక్క ఊరి పిండి గిర్నికి పోయేవి. ఆ పిండితో చేసిన రొట్టె తాత ముందు పెడితే ఒక ముక్క తుంచి నమిలి, "బాగనే ఉన్నది తియ్" అనేవాడు. ఆ గొంతుతో అన్నాక ఏ కోడలికైనా ఆ రొట్టె మీద గౌరవం మిగలదు. సాయంత్రం అటువైపు కూడా అదే మాట, అదే గొంతు అని బడిలో చెల్లె చెప్పేది.

ఒక రోజు గాడిదల మీద ఇసుర్రాళ్ళు వేసుకుని అమ్మే ఆమె ఒకతి మా వీధిలోకి వచ్చింది. మా అమ్మ మా గడపలో నిలబడింది. పక్క గడపలో చిన్నమ్మ నిలబడింది. నడుమ అరుగు మీద తాత. ఎవరో ఒకరు కొత్తది కొన్నారంటే ఇక ఆ ఇంటికీ ఈ ఇంటికీ అవసరమే ఉండదని ఆ వయసులోనే నాకు అర్థమైంది.

మా అమ్మ రాయిని వేళ్ళతో తట్టి చూసింది. "మెత్తగున్నది. పిండిల ఇసుక రాలుతది" అని తేల్చేసింది. అమ్మే ఆమె పక్క గడపకు పోయింది. చిన్నమ్మ రాయి వంక చూడను కూడా చూడలేదు.

"అక్క చెప్పింది నిజమే. గిది పనికిరాదు."

"మంచిగున్నరమ్మ ఇద్దరు! కొననీకి నిలవడ్డరా, నన్ను పరేషాన్ చేయనీకి నిలవడ్డరా?" అని ఆమె గాడిదలను అదిలించుకుంటూ పోయింది. తాతకు అప్పుడే దగ్గు తెర వచ్చింది. తువ్వాల మూతికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా చాలాసేపు దగ్గాడు. నేను మాత్రం చిన్నమ్మ నోట మళ్ళీ విన్న ఆ 'అక్క' దగ్గరే ఆగిపోయాను.

ఆ సాయంత్రమే మా అమ్మ నన్ను పిలిచి, జర మీది రాయి ఇమ్మని చిన్నమ్మను అడిగి రమ్మంది. చెల్లే నేనూ ఎంత గుంజినా అది కదల్లేదు. చివరికి చిన్నమ్మే దాన్ని చంకన ఎత్తుకుని మా వాకిట్లోకి వచ్చింది. "పోరలు కాళ్ళ మీద ఏసుకుంటరని తెచ్చిన" అంది, మా అమ్మతో కాదు, గోడతో. కింది రాయి మీద దాన్ని పెట్టింది. అమ్మ దోసెడు జొన్నలు పోసింది. చిన్నమ్మ పోవాలి, పోలేదు. "ఒక్కదానివి ఎంతసేపని ఇసురుతవ్" అని ఎదురుగా కూర్చుని అదే పిడి పట్టుకుంది. మొదట్లో రాయి ఒక్కటే మాట్లాడింది. కాసేపటికి నానమ్మ మాట వచ్చింది, ఇద్దరూ కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. పాల సంగతి ఇద్దరూ ఎత్తలేదు. రెండిళ్ళకూ వారం రోజులకు సరిపడా పిండి అయ్యాక గానీ లేవలేదు.

అన్నాళ్ళూ అటువైపు ఉన్న మంచాన్ని ఆ రాత్రి తాత గోడ కొస దగ్గర, రెండు ఇళ్ళకూ సరిసమానమైన చోట వేయించుకున్నాడు. అటొకరం, ఇటొకరం మళ్ళీ పడుకున్నాం. గోడను ఎవరూ కూల్చలేదు. సినిమాల్లో అయితే కూలుస్తారు. మా వాళ్ళు దానికి రెండు వైపులా పిడకలు కొట్టారు.

కాస్త పెద్దయ్యాక, కావాలనే అలా పంచావా అని తాతను అడిగాను. "మొత్తం రాయి ఎత్తుడు నాతోని అయితదా బిడ్డా? సగం సగం ఇచ్చిన" అన్నాడు. సూర్యాపేటలో డిగ్రీ చదివినప్పుడు ఆర్థికశాస్త్రంలో పంపిణీ మీద పెద్ద పాఠమే ఉండేది. ఈ పద్ధతి అందులో కనపడలేదు.

తాత చాలాకాలం బతికాడు. మా పిల్లలను కూడా ఎత్తుకున్నాడు. ఆయన పోయిన పొద్దున మా ఇంట్లో రొట్టె చేసి ఉంది. వంతు మాదే. చూస్తే చిన్నమ్మ ఇంట్లో కూడా ఆయన కోసం రొట్టె చేసి మూత పెట్టి ఉంది. వంతు కానప్పుడు ఎందుకు చేశావని ఎవరూ ఆమెను అడగలేదు. ఆ రెండు రొట్టెల మీది మూతలు సాయంత్రం దాకా ఎవరూ తీయలేదు.

ఇప్పుడు కింది రాయి మిర్యాలగూడలో మా బాల్కనీలో ఉంది. దాని మీద మనీప్లాంట్ కుండీ పెట్టాను. మీది రాయి కోదాడలో చెల్లె దగ్గర ఉంది. పోయిన ఎండాకాలం మా ఇద్దరికీ ఏదో మాట పట్టింపు వచ్చింది. కారణం చెప్పుకుంటే పాలు పొంగిన సంగతే ఇంతకంటే నయం. ఇద్దరం ఫోన్లు మానేశాం. నాకు చాలా రోజుల తర్వాత, గోడ అవతల తాత దగ్గు కోసం చెవి ఒగ్గి పడుకున్న రాత్రులు గుర్తొచ్చాయి. ఈసారి దగ్గేవాళ్ళు కూడా లేరు.

పొద్దున్నే నేనే ఫోన్ చేశాను. "జొన్నలు ఇసరాలె, మీది రాయి గావాలె" అన్నాను.

"నేను మోయలేనక్కా. నువ్వే రా" అంది.

కుండీ దించి పక్కన పెట్టి, కోదాడ బస్సెక్కాను. మా ఇంట్లో జొన్నలు లేవు. ఆ సంగతి దానికీ తెలుసు.