గోల్ వెనక పదిహేనో మనిషి

2023 మార్చి 27, సోమవారం. నాచారం పారిశ్రామికవాడలో ఒక పాత గోదాము మీది అంతస్తులో మా ఆఫీసు. ఉదయం ఏడింటికి షిఫ్టు మొదలు. అప్పటికి నాకు అరవై ఎనిమిదేళ్ళు. ఏఎస్ రావు నగర్ వైపు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు ఇన్‌స్పెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఇక్కడ చేరాను.

మా పని గురించి చెబితే చాలామంది నవ్వుతారు. విదేశాల ఫుట్‌బాల్ మ్యాచ్‌ల వీడియోలు మాకు వస్తాయి. ఒక్క సెకను వీడియోలో ఇరవై ఐదు బొమ్మలుంటాయి, ఒక్కోదాన్ని ఫ్రేమ్ అంటారు. ప్రతి ఫ్రేములో ప్రతి ఆటగాడి చుట్టూ ఒక బాక్స్ గీయాలి. ఇదే ట్యాగింగ్. ఇవి చూసి కంప్యూటర్ ఆటగాళ్ళను గుర్తుపట్టడం నేర్చుకుంటుందట. నాది క్యూసీ, అంటే గీసినవాటిని సరిచూడటం. బాక్సులు లెక్కపెడతాను. తక్కువైతే తిప్పి పంపుతాను, ఎక్కువైతే తీసేస్తాను. చూడవచ్చిన జనం, ఫొటోలు తీసేవాళ్ళు, మైదానంలో పనివాళ్ళు, వీళ్ళందరినీ కలిపి మా భాషలో ‘నాయిస్’ అంటాం. వాళ్ళకు బాక్స్ ఉండకూడదు.

ఆ రోజు బాక్సులు గీసే రూతు పంపిన ఒక ఫ్రేములో పద్నాలుగు బాక్సులు ఉండాల్సిన చోట పదిహేను ఉన్నాయి. ఒకటి తీసేసి ఆమె పేరు పక్కన ఒక తప్పు వేశాను. తరువాతి ఫ్రేములోనూ పదిహేనే. అలా వరసగా నలభై ఫ్రేములు. రూతు మూడేళ్ళుగా నాకు తెలుసు, నెలకు రెండు తప్పులు దాటని మనిషి. లేచి ఆమె సీటు దగ్గరికి వెళ్ళాను.

“ఏందమ్మా రూతూ, గోల్ ఎనక పైపు చుట్టేటోడు గూడ నీ లెక్కల ప్లేయరేనా?”

ఆమె నా వైపు చూడలేదు. స్క్రీన్ మీద వేలు పెట్టింది.

“అమ్మా, గా పైపు చుట్టేది మా ఆయన.”

రూతు భర్త సామ్యేల్ లాలాపేట్‌లో ఒక టెంట్‌హౌస్‌లో పెళ్ళిళ్ళకు సీరియల్ లైట్లు కట్టేవాడు. 2021 జనవరిలో రెండేళ్ళ కాంట్రాక్టు మీద గల్ఫ్ వెళ్ళి, ఒక స్టేడియంలో మైదానం పనిలో కుదిరాడు. దిగిన రోజే కంపెనీవాళ్ళు పాస్‌పోర్టు తీసుకున్నారు. కాంట్రాక్టు ముగిశాక ఇంటికి పంపమని అడిగాడు. జనవరి 29న ఫోన్లో ఆ మాటే చెప్పాడు, ఆ తరువాత ఫోను మోగలేదు. మేడిపల్లిలో అద్దె ఇంట్లో ఉంటున్న రూతు, ఉప్పల్‌లో గల్ఫ్ కార్మికుల కోసం పనిచేసే ఒక సంఘం ద్వారా రాయబార కార్యాలయానికి అర్జీ పెట్టింది. మార్చి మధ్యలో జవాబు వచ్చింది. ఫిబ్రవరి 4న అతను పని వదిలి పారిపోయాడని, ఎక్కడున్నాడో తెలియదని కంపెనీ ఫిర్యాదు చేసిందట. అలాంటి ఫిర్యాదు ఉన్న మనిషి దొరికితే జైలు. దొరకకపోతే బతికున్నాడో లేదో కూడా తెలియదు.

ఇప్పుడు మా ముందున్న మ్యాచ్ మార్చి 25, శనివారం నాటిది. పారిపోయాడన్న రోజుకు నలభై తొమ్మిది రోజుల తరువాతిది.

“ఎట్ల గుర్తువట్టినవ్?” అని అడిగాను. మనిషి బొమ్మ నా బొటనవేలంత కూడా లేదు.

“వైరు గట్లనే చుట్టేటోడమ్మా. అందరు అరచేతికెల్లి మోచేతికి చుడ్తరు. ఈయన నాలుగు చుట్లకొక్కటి భుజం మీదికెల్లి ఏస్తడు. ఒద్దు, మెడ వట్టుకుంటదంటే ఇనడు.”

“చుట్టుడు చూసి ఎవ్వరు ఒప్పుకోరు బిడ్డా. నంబర్ గావాలె.”

పనిలో చేరిన కొత్తలో సామ్యేల్ పంపిన ఫొటో ఆమె ఫోన్లో ఉంది. పసుపు చొక్కా మీద 318. స్క్రీన్ మీద మనిషిని పెద్దది చేశాం. 18 స్పష్టంగా ఉంది. ముందు అంకె ఉండాల్సిన చోట గోల్ పోస్ట్ అడ్డంగా ఉంది.

“మూడే అమ్మా. రాయిర్రి.”

“కనవడనిది నేను రాయ.”

ఆమె నన్ను చూసిన చూపు నేను మరచిపోలేదు. అయినా రాయలేదు. 118 కావచ్చు, 218 కావచ్చు. తప్పని తేలితే ఆ తరువాత ఆమె చెప్పేది ఇంకెవరూ వినరు.

మా టీమ్ లీడ్ ప్రవీణ్ అప్పుడే వచ్చాడు, ఒంటి మీద తాను అభిమానించే విదేశీ ఫుట్‌బాల్ క్లబ్ జెర్సీతో. శనివారం ఓడిపోయింది ఆ క్లబ్బే. దాన్ని రెండేళ్ళ కింద గల్ఫ్‌కు చెందిన ఒక పెద్ద నిర్మాణ సంస్థ యజమాని కొన్నప్పుడు, ఇక కప్పులన్నీ మనవేనని ప్రవీణ్ ఆఫీసంతా మైసూర్‌పాక్ పంచాడు. ఆ యజమాని కంపెనీల్లో కార్మికుల పాస్‌పోర్టులు దాచేస్తారని అక్కడి హక్కుల సంఘాలు అంటున్నాయని నేనొకసారి పేపర్లో చదివి చెబితే, “ఓనర్ ఎవడైతే మనకేంది మేడమ్, గోల్ వడితె చాలు,” అన్నాడు. శనివారం ఆ క్లబ్ ఆడింది ఆ యజమాని స్టేడియంలోనే. సామ్యేల్ పనిచేసేదీ అక్కడే.

విషయం వినకముందే ప్రవీణ్ మొదలుపెట్టాడు. “చూసిన్రా మేడమ్, గోరంత తేడాకు నాలుగు నిమిషాలు చూసి గోల్ తీసేసిన్రు!”

అతను తిడుతున్నది వీఏఆర్‌ను. మైదానం అవతల ఒక గదిలో కూర్చున్న రిఫరీలు అన్ని కెమెరాల వీడియోలూ ముందుకీ వెనక్కీ తిప్పి తీర్పు చెప్పే పద్ధతి అది. డెబ్భై ఎనిమిదో నిమిషంలో పడ్డ గోల్ ఆఫ్‌సైడ్ అవునా కాదా, అంటే పాస్ ఇచ్చిన క్షణానికి ఆటగాడు ముందే అవతలి వాళ్ళను దాటి నిలబడ్డాడా అని, నాలుగు నిమిషాల పది సెకన్లు చూశారు.

నాకు అప్పుడు తట్టింది. మా ముందున్న ఫ్రేములు ఆ గోల్ పడ్డ క్షణానివే. అంతసేపు చూశారంటే ఒక్క కెమెరాతో చూసి ఉండరు. ఆ భాగమంతా తెరిపించాను. అదే క్షణాన్ని నాలుగు వైపుల నుంచి చూపించారు. మూడోది అవతలి మూల నుంచి తీసింది. అందులో గోల్ పోస్ట్ పక్కకు జరిగింది. నెమ్మదిగా నడిచే ఆ పదకొండు సెకన్లలో మనిషి పైపును భుజం మీదికి వేసి, కొద్దిగా ఇటు తిరిగాడు. 318. మొహం ఇటు తిప్పబోయేసరికి కెమెరా రిఫరీ మీదికి పోయింది.

“ఇంకొంచెంసేపు ఉంచొద్దా,” అంది రూతు, ఎదురుగా ఉన్న ఎవరినో అడిగినట్టు. మళ్ళీ వెనక్కి తిప్పింది. మళ్ళీ అక్కడే పోయింది. ఆ పూట ఇరవై సార్లు తిప్పి ఉంటుంది. నేను ఆపలేదు.

ఆఫీసు వీడియో బయటికి తీయకూడదని చేరేటప్పుడే సంతకం పెట్టాం. నేను దాన్ని దాటను. కానీ అదే మ్యాచ్ డబ్బు కట్టి చూసే యాప్‌లో ఉంది, ఆ యాప్ ప్రవీణ్ ఫోన్లో ఉంది. ఎవరి ఫోన్లో, ఏ సెకనులో చూశామో అర్జీలో రాయాలి, అతను సంతకం చేయాలి. ప్రవీణ్ నసిగాడు.

“నా క్లబ్ మీద నేనే కేసేసినట్టయితది గద మేడమ్.”

రూతు అతని వైపు తిరిగి అంది: “అన్నా, గోల్ పోయిందని రెండు దినాల సంది ఏడుస్తున్నవ్. నేను రెండు నెలల సంది ఏడుస్తున్న. ఎవ్వలన్న రివ్యూ చేసిన్రా?”

ప్రవీణ్ ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

అర్జీ నేనే రాశాను, ఒకటిన్నర పేజీ. తేదీ, ఆట నిమిషం, సెకను, ఎన్నో కోణం, చొక్కా నంబరు. ‘అన్యాయం’ అన్న మాట ఎక్కడా వాడలేదు. ఫిబ్రవరి 4న పారిపోయిన మనిషి మార్చి 25న మీ స్టేడియంలో మీ చొక్కా వేసుకుని మీ పైపు ఎలా చుడుతున్నాడని ఒక్క ప్రశ్న అడిగాను. ఉప్పల్ సంఘం వాళ్ళు దాన్ని మర్నాడే రాయబార కార్యాలయానికీ, కంపెనీకీ పంపారు.

ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ రూతు భోజనం గంటలో ప్రవీణ్ ఫోన్ అడిగి తీసుకుని ఆ పదకొండు సెకన్లు చూసుకునేది. అన్నం కలిపిన చెయ్యి అలాగే ఉండేది. ఆగస్టు 29న ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారని, పాస్‌పోర్టు ఇచ్చారని కబురు వచ్చింది. సెప్టెంబరు 12న సామ్యేల్ వచ్చాడు. ఆ వారమే ఒకరోజు ఆఫీసు గేటు దగ్గరికి వచ్చి నాకు దండం పెట్టాడు. బాగా చిక్కిపోయాడు. ఇంటికి పంపమన్నందుకు ఫోను లాక్కుని, పారిపోయాడని రాసి, పని మాత్రం చేయించుకున్నారట. నా పక్కనున్న ప్రవీణ్ జెర్సీ చూసి అడిగాడు:

“గంత లొల్లి అయ్యె గద అన్నా, గోల్ ఇచ్చిన్రా, లేదా?”

“ఇయ్యలే అన్నా.”

“అయ్యో. నేను ఎనకనే ఉంటి. మంచిగ లోపల వడ్డది.”

ప్రవీణ్ మొహం వెలిగింది. ఇప్పటికీ ఆ జెర్సీ వేసుకునే వస్తాడు.

తరువాత డిసెంబరులో అదే స్టేడియం మ్యాచ్ మళ్ళీ మాకు వచ్చింది. రూతు పంపిన ఫ్రేములో ఒక బాక్స్ ఎక్కువ. గోల్ వెనక ఎవరో కుర్చీలు మోస్తున్నాడు.

“ఈయనెవరు?” అన్నాను.

“తెల్వదమ్మా.”

పని పనే, ఆ బాక్స్ తీసేశాను. అయితే తీసేసే ముందు, నంబరు కనిపించినంతవరకే, తేదీతో నిమిషంతో నా డైరీలో రాసుకున్నాను. ముప్పై ఏళ్ళు లెక్కకు ఎక్కువైనవాటిని పక్కన పడేసిన నాకు ఈ కేసు నేర్పింది ఇంతే. ఇప్పటికి ఆ పేజీలో పదిహేడు నంబర్లున్నాయి. నాలుగింటిలో ఒక అంకె కనిపించలేదు, ఆ చోటు ఖాళీగా వదిలాను. వాళ్ళ కోసం అడుగుతూ ఇంతవరకు ఎవరూ రాలేదు. ఎక్కడో ఎవరో ఎదురుచూస్తూనే ఉంటారు. వాళ్ళకు మాత్రం నాచారంలో ఇలాంటి డైరీ ఒకటి ఉందని ఎలా తెలుస్తుంది?